డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి అమెరికా ప్రయాణము

మన వార్షిక మహాసభ ఈయేడు సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేటయందు జరుగుచున్నది. ఈ సంచికకు ఒక మహనీయుని జీవితచరిత్రను వ్రాసి యిమ్మని కార్యదర్శులు కోరినపుడు, ఎవరినిగూర్చి వ్రాయుట యుచితమా యని యోచించుచుండగా రెండు సంగతులు జ్ఞప్తికి వచ్చినవి. ఈ పేట పేరే ఒక దాత పేరు. 1930 ప్రాంతమున ఈ తావును పద్ధతిగా ఒక పేటగా తీర్చిదిద్దినపుడు ధనసహాయము చేసిన సేఠు బన్సీలాలుగారి నామమున నిది వెలసినది. ఇచటి పురాతనమైన మెట్లబావి చెత్తతో పూడిపోయి, జనులు మరచిపోయిన పిమ్మట, 2022లో మరల శుభ్రపడి వెలుగుచూచినది. దాతల పేర్లు సైతము అట్లే పూడిపోవుచుండును. ఎవరో యొకరు త్రవ్వి తీయవలెను. ఇక రెండవ సంగతి. ఇచటికి మిక్కిలి దవ్వుగాని బేగంపేటలో 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాసు దొర దోమ కడుపులో మలేరియా జ్వరపు క్రిమిని కనుగొనెను. ఉష్ణదేశవ్యాధులను పరిశోధించు శాస్త్రమునకు మన సికింద్రాబాదు ఒక పుణ్యక్షేత్రమని చెప్పవచ్చును.

దాత యొసగిన ధనమును, ఉష్ణదేశవ్యాధుల శాస్త్రమును తన యొక్క జీవితమునందే కలిపికొన్న ఆంధ్రుడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన కనుగొన్న మందులనుగూర్చి పలువురు వ్రాసియున్నారు. మన సంఘకుటుంబములలో నేడు పెక్కుచోట్ల కుమారుడో కుమార్తెయో విదేశవిద్యకు సన్నద్ధమగుచున్నందునను, విద్యానిధి ప్రస్తావన ప్రతి మహాసభలోను వచ్చుచున్నందునను, ఈ వ్యాసమున ఆయన ప్రయాణ సన్నాహమునే ప్రధానముగా గ్రహించితిని. ఆ పయనమునకు ఎవరెవరు ఏమేమి యిచ్చిరి, ఎంత చాలినది, ఎంత చాలలేదు అనునది మనకు తెలియదగినది.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిన్న యుద్యోగి. అనారోగ్యముచేత ముందుగానే ఉద్యోగమును విడువవలసివచ్చినవారు. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు బిడ్డలలో మనవారు నాలుగవవారు. ఇంట దారిద్ర్యము పాతకాపు. పదుమూడేండ్ల యీడున ఆ బాలునకు ధనము సంపాదింపవలెనను కోరిక పుట్టి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి భాగ్యవంతుడనయ్యెదనని యిల్లు వెడలెను. తల్లి వెదకించి పట్టి తెప్పించి, మరల బడిలో వేసెను. ఆ తల్లి కాఠిన్యము లేకున్నచో లోకమునకు ఒక పండ్ల వర్తకుడు దక్కియుండును. ఆమె తన మేనిమీది బంగారము నమ్మి కుమారుని చదివించెనని చెప్పుదురు.

చదువు మాత్రము నల్లేరుమీద బండినడకగా సాగలేదు. రాజమహేంద్రవరమున చదివిన యీ విద్యార్థి మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పెను. మదరాసుకు పోయి తిరువళ్ళిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలలో చేరి మూడవమారు గట్టెక్కెను. మార్కుల పట్టికను మాత్రమే చూచి విద్యార్థి యోగ్యత నిర్ణయించు సభలు మనలోను గలవు గనుక ఈ సంగతిని కొంచెము నొక్కి చెప్పుచున్నాను. ఆనాడు అట్టి సభ యొకటి కూర్చుండి దరఖాస్తులను ఏరియుండినచో, ఈయన దరఖాస్తు మొదటి వడపోతలోనే పోయియుండెడిది.

తరువాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటరు చదువుచుండగా ఆయనకు వైరాగ్యము పొడమెను. రామకృష్ణ మఠమున చేరి సన్న్యసింపదలచిరి. తల్లి యనుమతి లేనిది చేర్చుకొనమని మఠమువారనిరి, తల్లి యనుమతింపలేదు. వైద్యవిద్య నేర్చినచో మఠమువారి ఆసుపత్రులలో సేవచేయవచ్చునను ఆలోచనతో మదరాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. అచటి చదువునకు స్నేహితులు కొంత, అనపర్తి వాస్తవ్యులు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కొంత సాయపడిరి. ఆ మూర్తిగారి కుమార్తె శేషగిరి యను చిన్నదానిని 1919లో సుబ్బారావుగారు వివాహమాడిరి. సన్న్యాసము గోరినవాడు గృహస్థయ్యెను. కాని ఆ గార్హస్థ్యము ఎంతకాలము సాగినదో ముందు చూడగలరు.

గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న దినములవి. విదేశవస్త్రములను బహిష్కరింపవలెనను వ్రతము పట్టిన ఈ విద్యార్థి శస్త్రచికిత్సాగారమునకు సైతము ఖద్దరు దుస్తులు ధరించి పోవుచుండెను. శస్త్రచికిత్సాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకది గిట్టలేదు. వ్రాతపరీక్షలలో బాగుగనే వ్రాసినను, ఎం.బి.బి.ఎస్. పట్టము రాక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పత్రము మాత్రమే చేతికి వచ్చెను. ఖద్దరుగుడ్డకు ఆయన చెల్లించిన వెల అది. ఆ పత్రము తనతోగూడ సముద్రము దాటి వచ్చి, బోస్టను నగరమున మరల తన వెల యడుగునని అప్పుడాయనకు తోచి యుండదు. మదరాసు ప్రభుత్వ వైద్యశాఖలో నౌకరికి యత్నింపగా అదియును లభింపలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించు ఉపన్యాసకపదవి దొరకినది. జీతము స్వల్పము.

ఈ నడుమనే ఆయింట ఘోరమైన విపత్తు సంభవించెను. అన్న పురుషోత్తముగారును, తమ్ముడు కృష్ణమూర్తియును ఎనిమిది దినముల యెడముతో ఒకే వ్యాధికి బలియైరి. ఆంగ్లవైద్యులు దానిని స్ప్రూ యందురు. మన వైద్యులు గ్రహణి జాతిలో చేర్చిరి. ఆగని విరేచనములు, నోటిపూత, అన్నము ఒంటబట్టకపోవుట, రక్తము పలుచబడుట దాని లక్షణములు. రోగి తినుచునే కృశించిపోవును. వ్యాధికి కారణమేమో, మందేమో ఆనాటి పాశ్చాత్యవైద్యమునకు తెలియదు. సుబ్బారావుగారినిగూడ అదే వ్యాధి పట్టగా, లక్ష్మీపతిగారి ఆయుర్వేదౌషధముచే కోలుకొనిరని ప్రసిద్ధి. అందువలననే ఆయుర్వేదములోని ఔషధములకు నవీనశాస్త్రముచే కారణము కనిపెట్టవలెనను పట్టుదల ఆయనకు కలిగినది. మదరాసులో ఆ పనికి తగిన పరిశోధనాలయము లేదు, ధనము లేదు, ప్రోత్సాహము లేదు. రాక్‌ఫెల్లరు నిధివారి పక్షమున మన దేశమునకు వచ్చిన ఒక అమెరికా వైద్యుని పరిచయము ఆ సమయమున కలుగుటయు, అమెరికాకు పొమ్మని ఆయన ప్రోత్సహించుటయు దైవికముగా జరిగినవి.

సామాన్యముగా ఆనాటి మనవారు విదేశవిద్య యనగా లండను, ఎడింబరో, కేంబ్రిడ్జిలను తలచెడివారు. మన హైదరాబాదునుండి సరోజినీదేవిగారు 1895లో పదునారేండ్ల ప్రాయమున నిజాము ప్రభువుల విద్యార్థివేతనముతో ఇంగ్లండునకు పోయిరి. వారి తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులవారు అంతకుముందే ఎడింబరోలో డాక్టరు పట్టమునందిన పండితులు. ఆమె వెనుక ఒక రాజ్యపు బొక్కసము, ఇంటిలో త్రోవ యెరిగిన తండ్రి ఉండిరి. సుబ్బారావుగారి వెనుక ఈ రెండును లేవు. ఇంగ్లండులోని ఆసుపత్రులవారు బ్రిటిషు పట్టములనే మన్నింతురు, ఎల్.ఎం.ఎస్. పత్రము చూచి నుదురు చిట్లింతురు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు బోస్టను నగరమున ఉష్ణదేశవ్యాధుల వైద్యపాఠశాలను నడుపుచుండిరి. రిచర్డు స్ట్రాంగు అను ఆచార్యుడు దానికి పెద్ద. సుబ్బారావుగారు అచటికి దరఖాస్తు పంపగా ప్రవేశము లభించెను. విద్యార్థివేతనము మాత్రము లభింపలేదు.

ఇచట పాఠకులు కొంచెము నిలిచి ఆలోచింపవలెను. చేరవచ్చునను ఉత్తరము చేతనున్నది. పోవుటకు డబ్బు లేదు. ఈ స్థితి నేటి తల్లిదండ్రులకు క్రొత్త గాదు. అయిననాడు చిక్కులు మరికొన్ని యుండెను. హిందూదేశమున పాసుపోర్టు చట్టము 1920లో వచ్చినది. అంతకుముందువలె చీటి లేకుండ ఓడ నెక్కుటకు వీలులేదు. అమెరికావారు 1917లో చేసిన చట్టముచే ఆసియాఖండమునందలి పెక్కు దేశములవారికి, మనవారికిగూడ, వలసద్వారములను మూసివేసిరి. కూలికై వచ్చువానికి ప్రవేశము లేదు. విద్యార్థులు మొదలగు కొలదిమందికే మినహాయింపు. కావున చదువుటకు పోవువాడు నిజముగా చదువుటకే పోవుచున్నాడని ప్రవేశపత్రముతో ఋజువు చేసికొనవలెను. చేతిలో సొమ్ము లేనివాడు రేవు అధికారులకు విద్యార్థివలె గాక కూలివలె కనబడుట సహజము. ఓడపయనముగూడ ఒక్క గుక్కలోనిది కాదు. మన తీరమునుండి యూరపునకు, అచటినుండి అట్లాంటికు మహాసముద్రముమీదుగా అమెరికాకు వారములకొలది ప్రయాణము. టిక్కెట్టు వెల, నడుమ బసల వ్యయము, చలిదేశమునకు తగిన ఉన్నిదుస్తులు, పాఠశాల రుసుము, కాపురపు ఖర్చు, ఇన్నిటికి కావలసిన మొత్తము ఆయుర్వేద కళాశాల ఉపన్యాసకుని జీతములోనుండి పుట్టునది కాదు.

ఇపుడు ఒక దాతనుగూర్చి చెప్పవలసియున్నది. ఆయన పేరు మల్లాడి సత్యలింగనాయకరు. కాకినాడకు చేరువనున్న కోరంగి ప్రాంతమువారు. సముద్రమును నమ్మి బ్రదుకు అగ్నికులక్షత్రియులలో బీదకుటుంబమున పుట్టినవారు. కోరంగి ఒకప్పుడు గొప్ప రేవు. బర్మాకు పోయిన తెలుగు కూలీలనందరను ఆ దేశపువారు కోరంగీలనియే పిలిచెడివారన్నచో ఆ రేవునకును రంగూనునకును గల సంబంధమును ఊహింపవచ్చును. సత్యలింగనాయకరు ఆ త్రోవనే రంగూను చేరి, కాయకష్టముతో ఆరంభించి, ఓడల పనులలో గొప్ప ధనము గడించిరి. 1915లో ఆయన స్వర్గస్థులైరి. తన యాస్తిని ధర్మకార్యములకు, విశేషించి విద్యకు, వినియోగింపవలెనని మరణశాసనమున వ్రాసిరి. కాకినాడలో ఎం.ఎస్.ఎన్. ధర్మసంస్థ యని నేటికిని ఖ్యాతి గాంచినది ఆయన నిధియే.

ఈ నిధివారు సుబ్బారావుగారి విదేశవిద్యకు సాయము చేసెదమని వాగ్దానము చేసిరి. దాత అగ్నికులక్షత్రియుడు, గ్రహీత నియోగి బ్రాహ్మణుడు. తాను పెద్దచదువులు చదువని మనుష్యుడు, రేవులో చెమటయోడ్చి కూడబెట్టిన సొమ్మును, తాను కన్నులజూడని ఒక వైద్యవిద్యార్థి సముద్రము దాటుటకు విడిచిపోయెను. ఇట్టి సంచికను చదువు మనము, మన నిధి మనవారికే యను నియమమును వ్రాసికొనునపుడు, సత్యలింగనాయకరు ఆ నియమమును వ్రాసికొనలేదన్న సంగతిని ఎదుట నుంచుకొనుట మంచిది. ఎవరి సంఘమునకు వారు సాయపడుట తప్పని నేననను. ఆ సాయమునకు పెట్టు గట్టు ఎంత యెత్తున నుండవలెననునదే నా ప్రశ్న.

వాగ్దానము వేరు, చేతికందిన రొక్కము వేరు. ఓడ నెక్కుటకు ముందు కావలసిన సొమ్మును సమకూర్చినవారు మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు. వైద్యవిద్యకు ఒకమారు సాయపడి, కూతునిచ్చిన యాయన, అల్లుడు ప్రాక్టీసు పెట్టి కూతును సుఖపెట్టునని ఆశించుటలో తప్పేమున్నది? ఆ యల్లుడు ఉన్న చిన్న ఉద్యోగమును విడిచి, విద్యార్థివేతనము లేని చదువునకు, ఎవరెరుగని దేశమునకు పోయెదనని వచ్చెను. మామగారు వలదనలేదు, డబ్బు కూడబెట్టిరి. విదేశవిద్యల చరిత్రలలో ఇట్టి మామగార్ల పేర్లు సామాన్యముగా ఒక్క పంక్తిలో ముగియును. ఈయన పేరు అంతకంటె ఎక్కువ చోటునకు అర్హమైనది.

ఇక నిజముగా వెల చెల్లించినది శేషగిరమ్మగారు. పెండ్లియై మూడేండ్లు; భర్త మూడేండ్లలో తిరిగివచ్చెదనని చెప్పి పయనమయ్యెను. ఆ మూడేండ్ల గడువు ఎన్నటికిని ముగియలేదు. భర్త వెడలినపిదప ఆమెకు కలిగిన మగబిడ్డ శైశవముననే గతించెను. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. ఇద్దరు కుమారులను వ్యాధికి అప్పగించిన వెంకమ్మగారు ఈ కుమారుని సముద్రమునకు అప్పగించిరి. ఏ విద్యానిధివారి లెక్కలపుస్తకములోను ఈ ఖర్చునకు పద్దు లేదు.

1922వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన సుబ్బారావుగారు బోస్టను చేరిరి. చలికాలము ముంగిట నున్నది. చేతిలోని సొమ్ము దారిఖర్చులకే చాలవరకు సరిపోయెను. ఆసుపత్రిలో వైద్యునిగా పనిచేయుచు చదువుకొందునని ఆశించినచో, మదరాసు ఎల్.ఎం.ఎస్. పత్రము అందుకు చాలదనిరి. అందుచే పీటరు బెంట్ బ్రిగాం ఆసుపత్రిలో రాత్రివేళ సేవకపని దొరకినది. రోగుల మలమూత్రపాత్రలను కడుగుట ఆ పనిలోనిది. మదరాసు కళాశాలలో పాఠములు చెప్పిన ఉపన్యాసకుడు, పట్టపగలు హార్వర్డు విద్యార్థి, రాత్రి ఆసుపత్రి సేవకుడు. ఆ పనికి ఆయన సిగ్గుపడినట్లు ఎవరును చెప్పలేదు. మఠములో సేవచేయగోరిన మనుష్యునకు రోగుల పాత్రలు కడుగుట అవమానముగా తోచియుండదని నా నమ్మకము. అయినను నిధి నడుపు పెద్దలు ఇందులో చూడవలసిన దొకటున్నది. ఓడ టిక్కెట్టు నిచ్చి విద్యార్థిని సాగనంపినంతనే సాయము ముగిసినదని తలంచుట పెద్ద పొరపాటు. మొదటి సంవత్సరపు అద్దెయు, అన్నమును లెక్కలో లేనప్పుడు, చదువునకై పోయినవాని నిద్రనుండి ఆ సొమ్ము వసూలగును. సుబ్బారావుగారు దానిని భరించిరి. అందరును సుబ్బారావులు కారు.

నేటి విద్యార్థి ఒక పగలు ఒక రాత్రిలో విమానమున అమెరికా చేరును. తల్లితో ప్రతిదినము ముఖాముఖి మాటలాడును. ఆ సౌకర్యములు ఆనాడు లేవు. కాని పొలము తాకట్టుపెట్టి, బ్యాంకు అప్పుచేసి, మొదటి యేడు రుసుము కట్టి, రెండవ యేటికి దేవుడే దిక్కని కుమారుని విమానమెక్కించు తండ్రులు మన పేటలలో ఇప్పటికిని గలరు. వారి కొడుకులు తెల్లవారుజాముల వరకు దుకాణములలో పనిచేయుచున్నారని వినునపుడు నాకు బ్రిగాం ఆసుపత్రి జ్ఞప్తికి వచ్చును.

ఉష్ణదేశవ్యాధుల డిప్లమా పొందినపిదప సుబ్బారావుగారు హార్వర్డులోనే జీవరసాయనశాస్త్ర విభాగమున చేరిరి. అచట సైరసు ఫిస్కు అను ఆచార్యునితో గూడి రక్తమూత్రములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఫిస్కు సుబ్బారావు పద్ధతి యని అది నేటికిని రసాయనశాలలలో వాడుకలో నున్నది. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటీనును, 1929లో జీవకణమునకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును వేరుచేసి చూపిరి. జర్మనీలో లోమాను అను శాస్త్రజ్ఞుడును అదే యేట ఏ.టి.పి.ని స్వతంత్రముగా కనుగొనెను. 1930లో ఆయనకు డాక్టరు పట్టము లభించినది. అంతటి పనిచేసినను హార్వర్డులో స్థిరమైన పెద్దపదవి మాత్రము దక్కలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమునందలి పెర్ల్ రివరులోనున్న లెడర్లీ ఔషధసంస్థకు పోయి, పరిశోధనశాఖకు అధ్యక్షులైరి.

ఆయన పరిశోధనలన్నిటిని వివరించుటకు ఇచట చోటు చాలదు. నాకంత రసాయనశాస్త్ర పరిజ్ఞానమును లేదు. మన కథకు సంబంధించినవి రెండు మూడు చెప్పెదను. ఆయన నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు ఫోలికామ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసిరి. రక్తహీనతకును, స్ప్రూ వ్యాధికిని అది దివ్యౌషధమని త్వరలోనే తేలినది. ఎనిమిది దినములలో అన్నను, తమ్ముని హరించిన రోగమునకు మందు ఆ యింటి బిడ్డ చేతిమీదుగా లోకమునకు వచ్చినది. వారి మరణమునకు, ఆ మందునకు నడుమ ఒక ఓడపయనమును, ఇరువదియేండ్లకు పైబడిన ఎడబాటును ఉన్నవి. ఆ ఫోలికామ్లమునకే విరోధియైన అమినోప్టెరిను అను మందును ఆయన సహచరులు తయారుచేసి యీయగా, బోస్టనులో సిడ్నీ ఫార్బరు వైద్యుడు రక్తపు క్యాన్సరుతో బాధపడు పసిబిడ్డలకు దానిని వాడి, కొలదికాలమైనను వ్యాధి వెనుకంజ వేయునని 1948లో ప్రకటించెను. క్యాన్సరునకు మందులతో చికిత్స చేయు నేటి పద్ధతికి అది తొలి మెట్లలో నొకటి. ఆరియోమైసిను అను సూక్ష్మజీవనాశకౌషధమును డగ్గరు అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు కనుగొన్నదియు సుబ్బారావుగారి అధ్యక్షతన నున్న శాఖలోనే.

ఇంత చేసిన మనుష్యుని పేరు అమెరికాలో సామాన్యజనులకు తెలియదు. సభలలో ముందుకు వచ్చు స్వభావము ఆయనది కాదు. కీర్తిని సహచరులకు విడిచి తాను వెనుక నిలుచుట అలవాటు. అమెరికా సుప్రీముకోర్టు 1923లో భగత్‌సింగ్ థిండ్ అను పంజాబువాని వ్యాజ్యెములో మనదేశస్థులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పినది. 1946లోగాని ఆ చట్టము మారలేదు. మారినపిదపకూడ ఆయన అమెరికా పౌరుడు కాలేదు. తిరిగి రాలేదు, అచటివాడును కాలేదు. ఎందుచేత తిరిగి రాలేదని ఆయనను నిందించువారు గలరు. శేషగిరమ్మగారి పక్షమున ఆ నింద న్యాయమైనదే. అయితే 1925లో తిరిగివచ్చియున్నచో మదరాసులో ఏ పరిశోధనాలయము ఆయనకు తలుపు తెరచి యుండెనో నిందించువారు చెప్పవలెను. పంపుటకు ఒక నిధి ఉన్నది గాని, తిరిగి వచ్చినవానికి చోటు చూపు ఏర్పాటు ఆనాడు లేదు.

స్వతంత్ర భారతమును ఒక్కమారైనను చూడకుండగనే 1948వ సంవత్సరము ఆగస్టు నెలలో, ఏబదిమూడేండ్ల వయస్సున, నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు పెర్ల్ రివరున దివంగతులైరి. ఆయన మరణానంతరము శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిసు అని ఆయన పేరు పెట్టిరి. 1995లో శతజయంతి సందర్భమున మన తపాలాశాఖవారు ఆయన చిత్రముతో బిళ్ళను వెలువరించిరి.

ఆయన శాఖనుండి 1947లో వెలువడిన మరియొక మందు హెట్రజాను, శాస్త్రనామము డైఇథైల్‌కార్బమజీను. బోదకాలు వ్యాధికి కారణమైన క్రిములను అది రక్తములో నశింపజేయును. గోదావరి తీరమున బోదకాలు ఎంత పాతదో, కాకినాడ వీథులలో ఆ కాలు ఈడ్చికొనుచు నడచినవారిని చూచిన పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. 2004వ సంవత్సరము మొదలుకొని ప్రభుత్వమువారు ఏటేట నిర్ణీతదినమున ఇంటింటికి పోయి ఆ మందుబిళ్ళలను ఉచితముగా పంచు కార్యక్రమమును దేశమందు నడపిరి. తూర్పుగోదావరి జిల్లా అందులో చేరినది. సత్యలింగనాయకరుగారి నిధి వెలసిన కాకినాడ పట్టణమున, కోరంగి పల్లెలలో, ఆయన కులమువారి పాకలలో సైతము ఆరోగ్యశాఖవారు ఆ బిళ్ళలను చేతిలో బెట్టి, తమ యెదుటనే మ్రింగించిరి.